మొదటి మెసేజ్ పెట్టేముందు: ఎస్సెమ్మెసా, వాట్సాపా? టైపింగా, మాటా?

మా మేనత్త చేతిలో ఫోన్ పడి పదేళ్లు దాటింది. ఎత్తడం, మాట్లాడడం, పెట్టేయడం, ఆమెకి ఫోనంటే ఈ మూడే. కొడుకు డాలస్ వెళ్లాక ఇబ్బంది మొదలైంది. తెనాలిలో పూజ, టిఫిను అయ్యి పొద్దున పదింటికి ఆమెకి తీరిక చిక్కేసరికి, వేసవిలో అయితే అక్కడ రాత్రి పదకొండున్నర. "వాడు పడుకునుంటాడు, సాయంత్రం చేద్దాంలే" అనుకుంటుంది. సాయంత్రానికి చెప్పాలనుకున్న మాట కాస్తా మర్చిపోతుంది. మెసేజ్ అయితే ఆ గొడవ లేదు. ఇప్పుడు పెట్టేస్తే వాడు లేచాక చూసుకుంటాడు.

నేర్చుకుంటానని తనే అంది. ఇక సలహాలే సలహాలు. మనవరాలు వాట్సాప్ ఒక్కటి చాలంది. పక్కింటాయన ఎస్సెమ్మెస్ అయితే నెట్ అక్కర్లేదన్నాడు. మా ఆవిడ "టైపింగ్ ఎందుకండీ, మైకు నొక్కి మాట్లాడేస్తే పోలా?" అంది. చివరికి అత్త నన్ను పట్టుకుంది. "ఒరేయ్, ఇంతకీ నేను ఏది నేర్చుకోవాలిరా?"

ఆమెకీ, తర్వాత మా అమ్మకీ, ఇంకో బాబాయికీ నేర్పాక నాకు ఒక సంగతి బోధపడింది. ఏ యాప్ అన్నది ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. మన మనసులోని మాట తెర మీద అక్షరాలుగా ఎలా పడాలన్నదే అసలు చిక్కు. చాలామంది మధ్యలో వదిలేసేది కూడా అక్కడే. అందుకే ఈ పోలికలో దానికే ఎక్కువ చోటిచ్చాను.

## ముందు ఇవి చూసుకోండి

మొట్టమొదట, మీరు ఎవరికి పంపాలి? ఓ కాగితం మీద నాలుగైదు పేర్లు రాయండి. వాళ్లు ఏది వాడుతున్నారో పక్కన రాయండి. యాప్ ఎంత గొప్పదైనా మీ వాళ్లు అందులో లేకపోతే ఖాళీ ఇంటి తలుపు కొట్టినట్టే.

రెండోది, మీరు ఏ లిపిలో చదువుకున్నారు? ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపట్టడం వేరు, వాటితో తెలుగు మాట కూర్చడం వేరు. తెలుగు మీడియంలో చదివి, ఉత్తరాలు రాసిన చేతికి నచ్చే పద్ధతి ఒకటి. ఆఫీసులో ఇంగ్లీషు కీబోర్డు మీద పనిచేసి రిటైరైన చేతికి నచ్చేది ఇంకొకటి.

మూడోది, కళ్లూ వేళ్లూ. ఇది ఎవరూ అడగరు. షుగర్ వల్ల చూపు మసకగా ఉన్నా, చేయి కాస్త వణుకుతున్నా, చిన్న చిన్న మీటల కీబోర్డు నరకమే. నేర్పే పిల్లలు "ఇంత ఈజీ అయితే ఎందుకు రావట్లేదు?" అని విసుక్కుంటారు. తప్పు నేర్చుకునేవాళ్లది కాదు, మీటల సైజుది.

నాలుగోది, అవతలివాళ్లు దాన్ని ఎక్కడ చూస్తారు? మీటింగులో ఉన్న కొడుకు మీ గొంతు వినలేడు, రెండు ముక్కలు చదవగలడు. పొలంలో ట్రాక్టర్ మీదున్న తమ్ముడు చదవలేడు, సాయంత్రం ఇంటికొచ్చి వింటాడు.

చివరిది నెట్, ఖర్చు. ఊళ్లో వైఫై ఉందా, మీ ప్యాక్‌లో డేటా ఉందా, రీఛార్జి మీరే చేసుకుంటారా, పిల్లలు చేస్తారా?

## కీప్యాడ్ ఫోనా, టచ్ ఫోనా

దీని గురించి ఎక్కువ చెప్పను. మీ దగ్గర ఉన్నది కీప్యాడ్ ఫోన్ అయి, మెసేజ్‌లు చదువుకుని ఎప్పుడైనా ఒక ముక్క జవాబిస్తే చాలనుకుంటే, మార్చక్కర్లేదు. అయితే దాని మీద టైప్ చేయడం ఎలాంటిదో ఒక్కసారి చూడండి. "బాగున్నావా" అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలనుకుందాం. మొదటి అక్షరం బీ. అది 2 అంకె మీట మీద రెండోది, కాబట్టి 2ని రెండుసార్లు నొక్కాలి. తర్వాత ఏ. అదీ 2 మీదే ఉంది, అందుకని ఒక క్షణం ఆగి మళ్లీ ఒకసారి. జీ కోసం 4ని ఒకసారి, యూ కోసం 8ని రెండుసార్లు, ఎన్ కోసం 6ని రెండుసార్లు, ఆగి, ఇంకో ఎన్ కోసం మళ్లీ రెండుసార్లు. ఏ, వీ, ఏ. మొత్తం పదిహేను నొక్కుళ్లు. తొందరపడితే బీ పోయి సీ వస్తుంది. 2000ల్లో కాలేజీ పిల్లలు ఇదంతా జేబులో చెయ్యి పెట్టి, చూడకుండా కొట్టేవాళ్లు. ఇప్పుడు కొత్తగా అరవై ఏళ్ల వయసులో దీన్ని నేర్చుకోమని నేను చెప్పను.

మెసేజ్‌లు రోజూ పెట్టాలని ఉంటే టచ్ ఫోనే. వాట్సాప్ కోసమని మాత్రం కీప్యాడ్ ఫోన్ కొనకండి. కొన్ని మోడళ్లలో ఒకప్పుడు వచ్చేది, ఆ నమ్మకంతో ఇప్పుడు డబ్బు పెట్టొద్దు.

## ఎస్సెమ్మెస్సా, వాట్సాపా

ఎస్సెమ్మెస్ వయసు ముప్ఫై ఏళ్ల పైమాటే. 1992 డిసెంబరు 3న ఇంగ్లండులో నీల్ పాప్‌వర్త్ అనే ఇంజనీరు "మెర్రీ క్రిస్మస్" అని పంపిందే మొదటిది. ఆయన పంపింది కంప్యూటర్ నుంచి, అందుకుంది ఫోన్. అప్పటి నుంచీ దాని కట్టు పెద్దగా మారలేదు. ఒక మెసేజ్‌లో ఇంగ్లీషు అక్షరాలైతే 160 పడతాయి. తెలుగు లిపిలో అయితే 70.

ఆ 70 కూడా మనం బడిలో లెక్కపెట్టే అక్షరాలు కావు. "అమ్మా, నేను క్షేమంగా చేరాను" అని పంపితే మన కంటికి కనిపించేవి పది అక్షరాలు. ఫోన్ లెక్క వేరు. దానికి 'క్షే' అంటే ఒకటి కాదు, క, పొల్లు, ష, ఏత్వం కలిపి నాలుగు. కామా ఒకటి, ప్రతి ఖాళీ ఒకటి. అలా ఆ చిన్న వాక్యమే 27 అవుతుంది. ఇంకో రెండు వాక్యాలు చేర్చారంటే 70 దాటుతుంది, అప్పుడు అది రెండు మెసేజ్‌లుగా లెక్కలోకి వెళ్తుంది. అందుకునేవాళ్లకి ఒకటిగానే కనిపించొచ్చు, కంపెనీ లెక్క మాత్రం రెండు. చాలా ప్యాక్‌లలో రోజుకి 100 ఎస్సెమ్మెస్‌లు ఉంటాయి కాబట్టి ఇంట్లో వాళ్లకి పంపుకోవడానికి చింత లేదు. విదేశీ నంబర్లకి మాత్రం మామూలుగా ఆ వందలో కలవదు, విడిగా కోస్తారు. డాలస్ కొడుక్కి రోజూ ఎస్సెమ్మెస్ అంటే బ్యాలెన్స్ కరిగిపోతుంది.

మరి ఎస్సెమ్మెస్‌తో లాభమేంటి? డేటా అక్కర్లేదు. ఏ ఫోన్‌కైనా వెళ్తుంది. అవతలి ఫోన్ ఆఫ్‌లో ఉంటే నెట్‌వర్క్ కొంతకాలం దాచిపెట్టి, ఆన్ చేశాక ఇస్తుంది. గాలివానకి నెట్ సరిగ్గా లేనప్పుడు, ఏజెన్సీ ఊళ్లలో సిగ్నల్ ఒక్క గీత మీద ఊగుతున్నప్పుడు, వాట్సాప్ గుండ్రంగా తిరుగుతూ ఉంటే ఎస్సెమ్మెస్ ఎలాగో దూరిపోతుంది. డేటా అక్కర్లేనివాళ్ల కోసం కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉన్న రీఛార్జి కూడా పెట్టాలని 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కంపెనీలకి చెప్పింది. కీప్యాడ్ ఫోన్ వాడే పెద్దవాళ్లు రీఛార్జి షాపులో దాని గురించి అడగండి, వాళ్లంతట వాళ్లు చెప్పకపోవచ్చు.

వాట్సాప్ సంగతి మీకు తెలిసిందే. నెట్ ఉంటే చాలు, గుంటూరుకైనా న్యూజెర్సీకైనా ఒకటే. ఫొటో, గొంతు, వీడియో కాల్ అన్నీ ఒకచోటే. మెసేజ్‌లు మధ్యలో కంపెనీకి కూడా చదివే వీల్లేకుండా 2016 నుంచీ తాళం పడి వెళ్తున్నాయి. యాప్ మొత్తం తెలుగులో పెట్టుకోవచ్చు. తప్పు పంపితే పదిహేను నిమిషాల్లోపు దిద్దుకోవచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఈ చివరిది పెద్ద ధైర్యం. ఎస్సెమ్మెస్‌లో వేలు జారితే జారినట్టే.

దీనితో వచ్చే తలనొప్పి మరోరకం. బంధువుల గ్రూపులు, పొద్దున్నే గులాబీ పూల గుడ్ మార్నింగులు, తలాతోకా లేని వైద్య చిట్కాలు. నెల తిరిగేసరికి ఫోన్ నిండిపోయి "స్టోరేజ్ లేదు" అంటుంది. సెట్టింగ్స్‌లో ఫొటోలు, వీడియోలు వాటంతట అవే దిగకుండా ఆపేస్తే సగం బాధ తీరుతుంది. ఇంకోటి, టిక్కుల టెన్షన్. ఒక టిక్కు పడితే మీ ఫోన్ నుంచి వెళ్లింది. రెండు పడితే అవతలి ఫోన్‌కి చేరింది. అవి నీలంగా మారితే చూశారు. నీలం టిక్కులు పడ్డాక రెండు గంటలు జవాబు రాకపోతే మా అమ్మ నాకు ఫోన్ చేసి "వాడికి ఏమైనా కోపం వచ్చిందంటావా?" అని అడిగేది. కోపం కాదమ్మా, డ్రైవింగ్‌లో ఉన్నాడు.

| చూడాల్సింది | ఎస్సెమ్మెస్ | వాట్సాప్ |
|---|---|---|
| నెట్ | అక్కర్లేదు | ఉండాల్సిందే |
| విదేశాలకి | విడిగా ఖర్చు | నెట్ ఖర్చే |
| తెలుగులో పొడవు మాట | 70 దాటితే ముక్కలు | ఎంతైనా |
| కీప్యాడ్ ఫోన్ ఉన్నవాళ్లకి | చేరుతుంది | చేరదు |
| తప్పు దిద్దుకోవడం | లేదు | ఉంది |
| గొంతు పంపడం | లేదు | ఉంది |
| అనవసరపు గోల | ప్రకటనలు | గ్రూపులు, ఫార్వర్డులు |

టెలిగ్రామ్, సిగ్నల్, అరట్టై లాంటి యాప్‌లు కూడా ఉన్నాయి కదా అని పిల్లలు అంటారు. ఉన్నాయి. మొదటి మూడు నెలలు వాటి జోలికి పోకండి. కాగితం మీద రాసుకున్న నాలుగు పేర్లలో మూడు అక్కడ ఉంటే అప్పుడు చూద్దాం.

నా తీర్పు: డేటా ఉన్న టచ్ ఫోన్ అయితే రాయడానికి వాట్సాప్, చదవడానికి ఎస్సెమ్మెస్. బ్యాంకు, గ్యాస్, రైలు టికెట్ సమాచారం చాలావరకు ఎస్సెమ్మెస్‌లోనే వస్తుంది కాబట్టి ఆ డబ్బా తెరిచి చదవడం అందరికీ రావాలి. అందులోంచి పంపడం రాకపోయినా నష్టం లేదు.

## అసలు చిక్కు: అక్షరాలు ఎలా పడాలి

ఐదు దారులున్నాయి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో వచ్చే గూగుల్ కీబోర్డు జీబోర్డ్‌ని దృష్టిలో పెట్టుకుని చెప్తున్నాను. అందులో తెలుగు కలిపేటప్పుడు తెలుగు లిపి కీబోర్డు, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే కీబోర్డు, చేతిరాత అని విడివిడిగా కనిపిస్తాయి. కావలసినదొక్కటే టిక్ పెట్టండి. మూడూ పెట్టేస్తే భూగోళం బొమ్మ నొక్కిన ప్రతిసారీ కీబోర్డు మారిపోయి, "నా ఫోన్ పాడైపోయింది" అని ఫోన్ వస్తుంది. నాకొచ్చింది, రెండుసార్లు.

ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు. పిల్లలు వాడేది ఇదే. కొత్త కీబోర్డు అక్కర్లేదు, చేయి వేగంగా వెళ్తుంది. ఇంగ్లీషు కీబోర్డు అలవాటున్నవాళ్లకి మొదటి రోజు నుంచే పని జరుగుతుంది. కానీ చదవడం కష్టం. 'పడుకున్నాడు' అన్నా 'పాడుకున్నాడు' అన్నా ఇంగ్లీషులో చాలామంది రాసేది ఒకే రకంగా. మనవడు నిద్రపోతున్నాడో పాట పాడుతున్నాడో మీరే ఊహించుకోవాలి. రాసేవాళ్ల కంటే చదివే పెద్దవాళ్లకి ఇది ఎక్కువ శిక్ష. పిల్లలు అమ్మానాన్నలకి ఇలా రాయడం మానేస్తే, పెద్దవాళ్లు మెసేజ్‌లు నేర్చుకోవడం సగం తేలికవుతుందని నా నమ్మకం.

ఇంగ్లీషులో కొడితే తెలుగులో పడేది. ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే పైన తెలుగు మాటలు మూడు నాలుగు వస్తాయి, కావలసినదాన్ని తాకాలి. రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, గుమస్తాగిరీ చేసినవాళ్లు దీనికి త్వరగా అలవాటు పడతారు. రాసేది ఇంగ్లీషు మీటల మీద, వెళ్లేది చక్కని తెలుగులో. చిక్కల్లా ఆ పైన వచ్చేవాటిలో సరైనది తాకడమే. మా బాబాయి ఒకసారి కుటుంబం గ్రూపులో "డాక్టర్ దగ్గరికెళ్లి కల్లు చూపించుకున్నాను, చుక్కలు వేశాడు" అని పెట్టాడు. కళ్లకీ కల్లుకీ ఆయన కొట్టిన ఇంగ్లీషు అక్షరాలు ఒకటే మరి. వారం రోజులు ఆయన్ని ఎవరూ వదల్లేదు. ళ-ల, ణ-న, ఒత్తులున్న మాటలు వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి చూసుకుంటే చాలు. కళ్లద్దాలు లేకుండా మాత్రం ఇది వద్దు.

తెలుగు లిపి కీబోర్డు. మీటల మీద క, గ, చ అని తెలుగు అక్షరాలే ఉంటాయి. గుణింతం కావాలంటే హల్లు నొక్కి ఆ తర్వాత గుర్తు నొక్కాలి. వత్తు కావాలంటే మధ్యలో పొల్లు నొక్కాలి. 'అమ్మ' అంటే అ, మ, పొల్లు, మ. ఈ పొల్లు సంగతి తెలియకే చాలామంది 'అమమ' దగ్గర ఆగిపోతారు. ఒకసారి పట్టుబడితే ఇందులో తప్పు పడేదే తక్కువ, కొట్టిందే పడుతుంది. తెలుగు మీద పట్టున్న, ఓపిక ఉన్న మనిషికి దీర్ఘకాలంలో ఇదే మంచిదంటాను. మొదటి రెండు వారాలు మాత్రం ప్రాణం తీస్తుంది. ఒక్కో అక్షరం కోసం వెతుక్కుంటూ ఉంటే "ఉత్తరం రాసుకున్నా ఈపాటికి చేరేదిరా" అనిపిస్తుంది. మీటలు చిన్నవి కాబట్టి ఫోన్‌ని అడ్డంగా తిప్పి కొడితే కాస్త నయం.

వేలితో రాయడం. దీని గురించి చాలామందికి తెలియదు. కీబోర్డు ఉండాల్సిన చోట తెల్లటి ఖాళీ వస్తుంది, అక్కడ వేలితో పలక మీద రాసినట్టు తెలుగులో రాస్తే అదే అచ్చు అక్షరాలుగా మారుతుంది. మా అత్తకి ముందు రెండు రకాల కీబోర్డులు చూపించి ఓడిపోయాను. మూడో రోజు ఇది తెరిచి "ఇక్కడ 'అ' రాయి" అన్నాను. రాసింది. పైన 'అ' వచ్చింది. "ఓసినీ, ఇది ముందే చెప్పొచ్చుగా" అంది. చేతిరాత గుండ్రంగా ఉన్నవాళ్లకి ఇది బాగా కుదురుతుంది. మాట మధ్యలో ఎక్కువసేపు ఆగితే అంతవరకే తీసేసుకుంటుంది, కాబట్టి ఒక మాటని ఊపిరి బిగబట్టి పూర్తిచేయాలి. వత్తులు కింద స్పష్టంగా పెట్టాలి. టైపింగ్ అంత వేగం రాదు. రోజుకి నాలుగైదు వాక్యాలకి ఆ వేగం చాలదా? చేయి వణికేవాళ్లకి మాత్రం ఇది పనికిరాదు.

మైకు. ఇక్కడ పెద్ద గందరగోళం ఒకటుంది, ముందు అది విడదీయాలి. వాట్సాప్‌లో రెండు మైకులు కనిపిస్తాయి. ఒకటి కీబోర్డు మీద ఉంటుంది. దాన్ని నొక్కి మాట్లాడితే మీ మాట అక్షరాలవుతుంది. రెండోది రాసే గడి పక్కన కుడివైపు ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకుని మాట్లాడితే మీ గొంతే వెళ్తుంది. గడిలో ఒక్క అక్షరం ఉన్నా ఆ రెండో మైకు మాయమై పంపే బాణం వస్తుంది. "నిన్న ఉంది, ఇవాళ లేదు" అంటారే, దానికి కారణం ఇదే.

అక్షరాలుగా మార్చే మైకు, గది నిశ్శబ్దంగా ఉండి నింపాదిగా మాట్లాడితే బాగానే పట్టుకుంటుంది. టీవీ మోగుతుంటే సీరియల్ డైలాగులు కూడా రాసేస్తుంది. యాస గట్టిగా ఉన్నా, ఊరి పేర్లు, ఇంటిపేర్లు వచ్చినా తడబడుతుంది. పంపేముందు చదివి దిద్దుకోవాల్సిందే, అంటే టైపింగ్ కాస్తయినా రావాలి. అందుకే ఇది ఒంటరిగా నిలబడే పద్ధతి కాదు, వేలితో రాయడానికో కీబోర్డుకో తోడు.

గొంతు పంపడం అన్నిటికంటే తేలిక. నొక్కి పట్టు, మాట్లాడు, వదిలేయి. వద్దనుకుంటే వేలిని ఎడమకి జరిపితే పోతుంది. ఎక్కువసేపు మాట్లాడాలంటే పైకి జరిపితే తాళం పడుతుంది, వేలు తీసేయొచ్చు. చదవడం రాయడం రానివాళ్లకి ఇది వరమే. అమ్మ గొంతు వినాలని ఉన్న పిల్లలకి కూడా ఇదే ఇష్టం. అయినా దీంతోనే ఆగిపోవద్దని నేనెందుకంటానంటే, మూడు నిమిషాల ముచ్చట మధ్యలో "ఆ ఇంజెక్షన్ పేరు ఏదో చెప్పాడు, గురువారం పదకొండింటికి రమ్మన్నాడు" అని ఉంటే కొడుకు ఆ ఒక్క ముక్క కోసం మళ్లీ మొత్తం వినాలి. తేదీ, టైము, మందు పేరు, డబ్బు, అడ్రసు రాయండి. మిగతాది చెప్పండి.

| పద్ధతి | మొదటి రోజు | నెల తర్వాత | దెబ్బ ఎక్కడ | ఎవరికి |
|---|---|---|---|---|
| ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు | తేలిక | వేగం | చదివేవాళ్లకి కష్టం | తోటివాళ్లకి రాసే యువతకి |
| ఇంగ్లీషులో కొడితే తెలుగు | ఫర్వాలేదు | వేగం | కళ్లు, కల్లు | ఇంగ్లీషు మీటలు అలవాటున్నవాళ్లకి |
| తెలుగు లిపి కీబోర్డు | కష్టం | బాగుంటుంది | పొల్లు, చిన్న మీటలు | ఓపికున్న తెలుగువాళ్లకి |
| వేలితో రాయడం | తేలిక | నిదానమే | వణికే చేయి | తెలుగు మీడియం పెద్దవాళ్లకి |
| మాట అక్షరాలవడం | తేలిక | దిద్దుడు తప్పదు | చుట్టూ గోల | తోడు పద్ధతిగా |
| గొంతు పంపడం | చాలా తేలిక | అదే | వెతకలేం, ఆఫీసులో వినలేరు | చదువు రానివాళ్లకి, ముచ్చట్లకి |

## మీరు వీళ్లలో ఎవరు?

అరవై దాటి, తెలుగులోనే చదువుకుని, పిల్లలు దూరంగా ఉన్నవాళ్లయితే: వాట్సాప్, వేలితో రాయడం, ముచ్చట్లకి గొంతు. అక్షరాల సైజు ముందు ఫోన్ సెట్టింగ్స్‌లో, తర్వాత వాట్సాప్ చాట్ సెట్టింగ్స్‌లో పెద్దది చేయించుకోండి. నేర్చుకోవడానికి ముందే ఇది జరగాలి.

ఆఫీసులో కంప్యూటర్ వాడి రిటైరైనవాళ్లయితే: ఇంగ్లీషులో కొడితే తెలుగు వచ్చేది. మీకు రెండు రోజులు చాలు.

చూపు బాగా తగ్గినవాళ్లకి టైపింగ్ నేర్పాలని పిల్లలు పట్టుబట్టొద్దు. గొంతు పంపడం, వచ్చిన గొంతు వినడం, ఈ రెండూ చాలు. తిరిగి పంపే పిల్లలు కూడా అలాంటప్పుడు రాయకుండా మాట్లాడి పంపాలి. ఈ మాట నేర్చుకునేవాళ్లకి కాదు, నేర్పేవాళ్లకి.

కీప్యాడ్ ఫోన్ వదలనంటారా? సంతోషం. వచ్చిన ఎస్సెమ్మెస్ తెరవడం నేర్చుకోండి, "సరే", "చేరాను", "ఫోన్ చెయ్యి" అనే మూడు మాటలు ఫోన్‌లో ముందే రాసి దాచుకునే వీలుంటే దాచుకోండి. అంతకు మించి కష్టపడక్కర్లేదు.

అమెరికాకి ఆరు నెలలు పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. అక్కడి సిమ్ తీసుకున్నా వాట్సాప్‌ని మీ ఇండియా నంబర్ మీదే ఉంచుకోండి, "నంబర్ మారిందా?" అని అడిగితే మార్చకండి. ఇండియా సిమ్ రీఛార్జి మాత్రం ఆపొద్దు. చాలాకాలం వాడకపోతే ఆ నంబర్ వేరేవాళ్లకి పోవచ్చు, బ్యాంకు ఓటీపీలు వచ్చేది దానికే.

## మొదటి వారమే నేర్చుకోవాల్సిన జాగ్రత్త

మెసేజ్ చదవడం వచ్చిన రోజు నుంచే మోసపోయే వీలూ వస్తుంది. "ఈ రాత్రికి కరెంటు కట్ చేస్తాం, ఈ నంబర్‌కి ఫోన్ చేయండి" అనేది, పెళ్లికార్డు పేరుతో వచ్చే ఏపీకే ఫైలు (తెరిస్తే ఫోన్‌లో యాప్ ఎక్కించేది), "పొరపాటున నా కోడ్ మీకు వచ్చింది, కాస్త చెప్పరూ" అంటూ తెలిసినవాళ్ల పేరుతో వచ్చేది. ఈ మూడో రకంలో కోడ్ చెప్పారంటే మీ వాట్సాప్ వాళ్ల చేతిలోకి పోతుంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో రెండంచెల పరిశీలన కోసం ఆరంకెల పిన్ పెట్టించుకుంటే ఈ దొంగతనం అంత తేలిగ్గా జరగదు. ఆ పిన్ మీ పుట్టిన తేదీ కాకూడదు.

బ్యాంకు నుంచి అని చెప్పుకుంటూ మామూలు పదంకెల మొబైల్ నంబర్ నుంచి ఎస్సెమ్మెస్ వస్తే అందులోని లింకు తాకకండి. సంస్థల మెసేజ్‌లకి పంపినవాళ్ల చోట అంకెలు కాకుండా అక్షరాల పేరు ఉంటుంది. 2025 నుంచి ఆ పేరు చివర గీత పెట్టి ఒక అక్షరం కూడా చేరింది: ప్రకటన అయితే పీ, సేవకి సంబంధించిందైతే ఎస్, లావాదేవీ అయితే టీ, ప్రభుత్వానిదైతే జీ. డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పిల్లలు తిడతారని దాచొద్దు, ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు వెనక్కి రావడం కష్టం.

## వారం రోజుల సాధన

ఒకే మనిషికి పంపండి. గ్రూపులో కాదు. ఆ మనిషి చాట్‌ని నొక్కి పట్టుకుని పైన పిన్ చేయించుకుంటే రోజూ వెతుక్కునే పని ఉండదు. మొదటి రెండు రోజులు ఒక్కో మాట: "తిన్నాను", "పడుకుంటున్నా". మూడో రోజు నుంచి ఒక ప్రశ్న. నేర్పేవాళ్లు ఫోన్ లాక్కుని "ఇలా ఇటివ్వు" అని తామే చేసేయకూడదు. అత్త మనవరాలి పద్ధతి అదే, అందుకే ఆమెకి ఆర్నెల్లు ఏమీ రాలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నోటితో చెప్పండి, ఎంతసేపు పట్టినా సరే.

అత్త వేలితో రాసి డాలస్‌కి పంపిన మొదటి మెసేజ్ ఇంకా నా ఫోన్‌లో ఫొటోగా ఉంది: "లేచాక ఫోన్ చెయి. తొదర లేదు." వత్తు ఒకటి, సున్నా ఒకటి పోయాయి. దిద్దుతావా అని అడిగితే, "వాడికి అర్థమవుతుందిలే, పంపెయ్" అంది. పొద్దున పదీ ఇరవైకి పంపింది. మన సాయంత్రం ఐదున్నరకి నీలం టిక్కులు పడ్డాయి. ఐదూ ముప్ఫై రెండుకి ఫోన్ మోగింది.